పన్నెండో గడి

ఇన్సూరెన్సు ఫారం నింపడం ఆ ఇంట్లో ఆమె పనే. మొగుడు కాంక్రీటు, తాపీ పనుల కాంట్రాక్టరు. గోడ కాస్త వంకరపోతే వీధి చివరినుంచే పట్టేస్తాడు గానీ, నాలుగు వరుసల అచ్చు కనబడితే చాలు, ఆవులింతలు మొదలు. చదివేది ఆమె, సంతకం పెట్టేది ఆయన.

పాత పాలసీ ఆ రోజుతో ఆఖరు. కొత్తది లేకపోతే ఆయన మనుషుల్ని సైటు గేటు దాటనివ్వరు. పొద్దున్నే ఏజెంటు వస్తానన్నాడు. "సైటులో పనిచేయువారు, వారి పని" అన్నచోట ఆయన పళ్ళు తోముకుంటూనే చెప్పుకుపోయాడు: నలుగురు తాపీమేస్త్రీలు, ఆరుగురు కూలీలు, మిక్సరు నడిపే అతను. పదకొండు పేర్లూ రాసి, పన్నెండో గడిలో ఆమె తన పేరు రాసుకుంది. పక్కన, పని: క్యూరింగ్.

పోసిన స్లాబుకి, కట్టిన గోడకి రోజుల తరబడి నీళ్ళు పట్టకపోతే సిమెంటు గట్టిపడదు, బీటలిస్తుంది. ఆ పనికి ఆయన ఏనాడూ మనిషిని పెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త నీళ్ళు పట్టి రా" అన్నాడు. ఆ కాస్తకి పదకొండేళ్ళు. వంట ముగించి, క్యారియర్లు సర్ది, పైపు భుజానేసుకుని ఆమె ఎన్ని అంతస్తులెక్కిందో ఆమెకే తెలీదు. "నీళ్ళు పొయ్యడం కూడా ఓ పనేనా? నేనూ పోస్తున్నా రోజూ, మొక్కలకి" అనేది అత్తగారు. రెండు నెలల కిందట తడిసిన పరంజా మీంచి జారి మణికట్టు విరిగితే, ఆయన డాక్టరుతో "ఇంట్లో పడిందండీ" అన్నాడు. ఆమె తలూపింది. విరిగిన ఎముక అతుక్కుంది గానీ, అలా తలూపినందుకు తనమీద తనకు కలిగిన కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

ఏజెంటు వచ్చి కూర్చున్నాక ఆయన ఫారం అందుకున్నాడు. పేర్ల దగ్గర చూపు ఆగింది.

"ఇదేంటి? ఓనరు పెళ్ళాం కూలీల జాబితాలోనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"పని చేస్తోందనుకుంటారు."

"ప్రీమియం పెరుగుతుంది."

"ఒక్క మనిషికి పెరిగేదెంత అన్నా, టీ ఖర్చంత" అన్నాడు ఏజెంటు. "వదినగారి పేరు ఉండనివ్వరాదూ?"

"నువ్వూరుకోవయ్యా. పరువు సంగతి!" ఆయన పన్నెండో గడిని అడ్డంగా రెండుసార్లు కొట్టేసి, కింద సంతకం గిలికేశాడు. అలవాటు ప్రకారం ఒక్క ముక్కా చదవలేదు. ఏజెంటు నకలు ఆమె చేతికిచ్చి, ఆమె మొహం చూడలేక వెళ్ళిపోయాడు.

"పద పద, నిన్న పోసిన స్లాబది" అంటూ ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "ఎండ ముదిరేలోపు దానిమీద గట్లేసి మళ్ళు కట్టి నీళ్ళు నింపాలి. పగిలిందంటే మన పని ఖాళీ."

ఆమె కుర్చీలోంచి లేవలేదు. నకలు తీసి, సంతకం పైనున్న వరుస నింపాదిగా చదివింది. "జాబితాలో పేరు లేని వ్యక్తిచేత సైటులో ఏ పనీ చేయించనని ఒప్పుకుంటున్నాను. చేయించినచో ఈ పాలసీ చెల్లదు."

"ఎవరు ఒప్పుకున్నారు?"

"మీరే. ఇప్పుడే. నేను రాను."

"ఎవడు చూడొచ్చాడే!"

"నేను చూశాను."

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొడుకు మొహమూ కోడలి మొహమూ మార్చి మార్చి చూసింది. ఆయన గడియారం చూశాడు, బయట ఎండ చూశాడు, ఫోనులో ఎవరి నంబరో వెతికి మానేశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నీళ్ళెవరు పడతారు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.