అరవై ఒకటీ, రెండు వందల నాలుగూ

గురువారం జరగబోయే సమీక్షకు ఒక బొమ్మ కావాలని సెమిసి టౌఫా సోమవారం మధ్యాహ్నం నెరిడా కూంబ్‌ను అడిగాడు. తమ ప్రోటీన్‌లో అరవై ఒకటో అమైనో ఆమ్లమూ, రెండు వందల నాలుగోదీ ఒకదాన్నొకటి తాకే చోటు దగ్గరగా కనబడాలి.

“నేను ఓడిపోయిన చోటు కదా, రంగులు కాస్త మంచివి వెయ్యి,” అన్నాడు.

నెరిడా వేస్తానంది. పది నిమిషాల పని.

బ్రిస్బేన్‌లో ఆ ప్రయోగశాల నది వైపున్న భవనంలో మూడో అంతస్తులో ఉంది. పధ్నాలుగేళ్లుగా అక్కడ ఒకే ఎంజైమ్ మీద పని జరుగుతోంది. మూడు వందల పన్నెండు అమైనో ఆమ్లాల గొలుసు అది. పూసల దండను గుప్పిట్లో ముడిచి పట్టుకుంటే, ఈ కొసన ఉన్న పూస ఆ కొసన ఉన్న పూసను తాకుతుంది. ప్రోటీన్ ముడుచుకున్నప్పుడూ అంతే. ఏ పూస ఏ పూసను తాకుతోందో లెక్క తీయడం నెరిడా పని. రెండింటి పరమాణువుల మధ్య దూరం నాలుగున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు దాటకపోతే అవి తాకుతున్నట్టు. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్.

లెక్క తీసే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. ఒక్కో జతలో ఎన్ని పరమాణువులు దగ్గర పడ్డాయో చూసి, గట్టిగా పట్టుకున్న జతను పైన, వదులుగా ఉన్నదాన్ని కింద పెడుతుంది. ఆ జాబితా రెండేళ్ల కిందట ఆమె పేరు మొదట ఉన్న ఒక వ్యాసంలో అచ్చయింది. మొదటి వరసలో ఉన్నది 61, 204 జత. వేడిలో ప్రోటీన్ విప్పుకుపోకుండా పట్టి ఉంచే మేకు అదేనని వ్యాసం చెప్పింది.

సెమిసి పని ఆ మేకు పీకి చూడడం. అరవై ఒకటో చోట ఉన్న ఆర్జినీన్‌కు పొడవాటి చేయి ఉంటుంది. దాన్ని తీసేసి, చేయి లేనట్టే ఉండే అలనీన్ పెడితే పట్టు పోవాలి. యాభై ఎనిమిది డిగ్రీల దగ్గర విప్పుకునే ప్రోటీన్ యాభై దగ్గరే విప్పుకోవాలి. అతను మార్చాడు. యాభై ఎనిమిది దగ్గరే విప్పుకుంది. ఏడు నెలల్లో పదకొండుసార్లు చేశాడు. అవతలి వైపున్న టైరోసిన్‌నూ మార్చి చూశాడు. యాభై ఎనిమిదే. మార్చినదాంట్లో మార్చనిది కలిసిపోయిందేమోనని జన్యువును మూడుసార్లు చదివించాడు. కలవలేదు. సీసాలు వేరే ఎవరూ కడగకుండా తనే కడుక్కోవడం మొదలుపెట్టాడు.

ప్రయోగశాలను నడిపే ప్రొఫెసర్ మోయిరా కెసెల్ ఒకసారి టీ దగ్గర, సెమిసి చేతికి యాభై ఎనిమిది అంటే ఎందుకో అంత ప్రేమ అంది. అందరూ నవ్వారు. నెరిడా కూడా నవ్వింది.

గురువారం బయటి విభాగాల నుంచి ముగ్గురు వచ్చి అతని పని చూస్తారు. డాక్టరేట్‌లో ఉంచాలా, మాస్టర్స్ చేతిలో పెట్టి పంపాలా అన్నది వాళ్లు తేలుస్తారు. బ్రిస్బేన్ పక్కనున్న లోగన్‌లో అతని తల్లి, కొడుకు డాక్టరవుతున్నాడని చర్చిలో అందరికీ చెప్పేసింది. ఏ డాక్టరో చెప్పలేదట. అప్పుడే తమ టోంగా దీవుల ముసలమ్మలు ముగ్గురు తనకు మోకాళ్లు చూపించారని సెమిసి చెప్పి నవ్వించేవాడు. ఈ మధ్య ఆ కబురు చెప్పడం మానేశాడు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నెరిడా బొమ్మ మొదలుపెట్టింది. తెర మీద ఆర్జినీన్ ఒకచోట ఉంది, టైరోసిన్ ఇంకోచోట ఉంది. మధ్య దూరం కొలిచింది. తొమ్మిది ఆంగ్‌స్ట్రామ్‌లు. అంకెలు తప్పు కొట్టానేమోనని మళ్లీ చూసుకుంది. తప్పు కొట్టలేదు.

ప్రోటీన్ స్ఫటికంలో ఒకే ప్రోటీన్‌వి లెక్కలేనన్ని నకళ్లు ఉంటాయి. అన్నింటిలోనూ ప్రతి చేయీ ఒకే వైపు తిరిగి ఉండదు. కొన్నింటిలో ఇటు ఉంటుంది, కొన్నింటిలో అటు. అలాంటి చోట, స్ఫటికాన్ని చూసి ఏ పరమాణువు ఎక్కడుందో నమూనా కట్టేవాళ్లు రెండు స్థానాలూ రాసి, ఒకదానికి ఎ అని, రెండోదానికి బి అని గుర్తు పెడతారు. బొమ్మ గీసే ప్రోగ్రామ్ ఎ మాత్రమే చూపిస్తోంది. ఆమె బి కూడా తెరిచింది.

ఎ స్థానంలో ఆర్జినీన్ ఒక గుంటలోకి చేయి చాపింది. బి స్థానంలో టైరోసిన్ అదే గుంటలోకి వచ్చింది. ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయినట్టు ఉన్నాయి. మధ్య దూరం ఒక ఆంగ్‌స్ట్రామ్, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ. బంధం లేని రెండు పరమాణువులు అంత దగ్గరికి రాలేవు. తెర మీద వచ్చాయంటే ఆ రెండూ ఒకే నకలులోవి కావు. ఆర్జినీన్ గుంటలో ఉన్నప్పుడు టైరోసిన్ పక్కకు తొలగింది. టైరోసిన్ వచ్చినప్పుడు ఆర్జినీన్ తొలగింది. ఏ ఒక్క ప్రోటీన్‌లోనూ అవి తాకలేదు.

ఆమె ప్రోగ్రామ్ ఎ, బి అని చూడకుండా అన్నింటినీ కలిపి లెక్కపెట్టింది. దూరం నాలుగున్నర దాటకూడదని ఆమె హద్దు పెట్టింది. మరీ దగ్గరైతే ఏమిటని అడగలేదు. ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి దగ్గరైన పరమాణువుల లెక్క పెరిగింది. అలా ఆ జత జాబితాలో అన్నింటికంటే పైకి ఎక్కి కూర్చుంది.

సెమిసి ప్రోటీన్ యాభై ఎనిమిది దగ్గర విప్పుకోవాల్సిందే. పీకడానికి అక్కడ మేకు లేదు.

మంగళవారాల్లో పదింటి టీకి డెస్మండ్ హాలిగన్ వస్తాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. రిటైరై పన్నెండేళ్లయింది. ఆ నమూనా కట్టింది అతనే. అరటిపండు కేకు డబ్బాతో వచ్చిన మనిషిని నెరిడా టీ గదిలోకి పోనివ్వకుండా తెర దగ్గరికి తీసుకెళ్లింది. డెస్ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

“ఒక కుర్చీ, ఇద్దరు మనుషులు. వంతులేసుకుని కూర్చుంటారు. రాశానుగా,” అన్నాడు.

“ఎక్కడ రాశారు?”

“ఫైలు మొదట్లో. నాలుగు వాక్యాలు. చదవలేదా అమ్మాయ్?”

ప్రోగ్రామ్ ఆ భాగాన్ని దాటేసి చదువుతుందని నెరిడా చెప్పింది.

“ప్రోగ్రామ్‌ని కాదు, నిన్ను అడిగాను. సర్లే. ఈ భూమ్మీద దాన్ని చదివినవాళ్లం ఇద్దరమే. నేనూ, మా ఆవిడా. తప్పులుంటే చూడమని బతిమాలితే చదివింది.”

ఈ జత మీద ఎవరైనా పని చేస్తున్నారా అని ఆ తర్వాత అడిగాడు. నెరిడా సెమిసి సంగతి చెప్పింది. ఏడు నెలలు, పదకొండుసార్లు, గురువారం. డెస్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కుర్రాడికి చెప్పావా అన్నాడు. ఇంకా లేదంది. అతను కేకు డబ్బా ఆమె బల్ల మీదే మరిచిపోయి టీకి వెళ్లాడు.

మధ్యాహ్నం ఆమె మోయిరాకు చూపించింది. మోయిరాకు అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. తలుపు వేసి వచ్చి కూర్చుంది. మూడు వారాల్లో గ్రాంటు ఫలితం వస్తుంది. ఆ దరఖాస్తు మొత్తం 61, 204 మీద నిలబడి ఉంది. నెరిడా ఉద్యోగ ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది, దాన్ని పొడిగించాల్సింది కూడా ఆ గ్రాంటే. ఈ మాటలన్నీ మోయిరా ఒక్కొక్కటిగా చెప్పింది. అది బెదిరింపో, జాగ్రత్త చెప్పడమో నెరిడాకు తెలియలేదు. రెండూ కావచ్చు.

“తప్పు దిద్దొద్దని అనడం లేదు. దిద్దుదాం. గురువారం అయ్యేదాకా ఆగమంటున్నాను. సెమిసిని నేను గట్టెక్కిస్తాను, నా మాట తీసెయ్యరు,” అంది మోయిరా.

“అప్పుడు మీ దయ వల్ల గట్టెక్కినవాడవుతాడు, మోయిరా. అతని కొలతలు నిజమని మాత్రం ఎవరికీ తెలియదు.”

మోయిరా తనకు మీటింగ్ ఉందని లేచింది.

బుధవారం పొద్దున నెరిడా సెమిసిని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటి నుంచీ చెప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. అయ్యాక అతను బొమ్మను తిప్పమన్నాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. ఎ ఒక్కటే పెట్టమన్నాడు. బి ఒక్కటే పెట్టమన్నాడు.

“చేతులు వణుకుతున్నాయేమోనని మా అక్కకు చూపించుకున్నాను. ఆవిడ నర్సు,” అన్నాడు. “చేతులు బాగానే ఉన్నాయి, నువ్వే బాగా లేవు అంది.”

నెరిడా తప్పు తనదని, క్షమించమని అంది. పరవాలేదని అతను అనలేదు.

“ఆ రోజు నువ్వూ నవ్వావు.”

“నవ్వాను.”

సెమిసి కుర్చీ వెనక్కి జరిపాడు. రేపు ఇదంతా నువ్వే చూపించు, బొమ్మ ఇచ్చేస్తాను అని నెరిడా అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

“నేను చెబితే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది. మద్దెల నీది. నువ్వే చెప్పు.”

గురువారం రెండింటికి సమీక్ష మొదలైంది. సెమిసి తన కొలతలన్నీ చూపించాడు. పదకొండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒక్కటే గీతలా కనబడ్డాయి. ముగ్గురిలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. చివర సెమిసి బొమ్మ పెట్టి, దీని గురించి నెరిడా చెబుతుందని కూర్చున్నాడు.

ఆమె ఆరు నిమిషాలు మాట్లాడింది. ఎ అంటే ఏమిటి, బి అంటే ఏమిటి, ప్రోగ్రామ్ ఏం చేసింది, తాను ఏం అడగలేదు, అచ్చయిన జాబితాలోని మొదటి జత నిజానికి ఎందుకు లేదు అన్నది చెప్పింది. తప్పు ప్రోగ్రామ్‌ది అనలేదు, నాది అంది. సెమిసి కొలతలు ఆ సంగతి ఏడు నెలలుగా చెబుతూనే ఉన్నాయని, వినేవాళ్లే లేకపోయారని అంది. గడియారం చూసుకున్నాయన ఇప్పుడు ముందుకు వంగి కూర్చున్నాడు.

ఇది ఎప్పుడు తెలిసిందని ముగ్గురిలో అధ్యక్షురాలు అడిగింది. మంగళవారం అని నెరిడా చెప్పింది. ఇంకెవరికి తెలుసు అని అడిగింది. డెస్ పేరు, సెమిసి పేరు చెప్పి నెరిడా ఆగింది.

“నాకూ మంగళవారమే తెలిసింది,” అని గది చివరి కుర్చీలోంచి మోయిరా అంది. “ఈ రోజు అయ్యేదాకా ఆగమన్నది నేనే.”

అధ్యక్షురాలు సెమిసి వైపు తిరిగింది. పదకొండుసార్లు ఒకే అంకె వస్తే, ఆ జాబితాను ఒక్కసారైనా ఎందుకు అనుమానించలేదని అడిగింది.

“అది అచ్చులో ఉందండీ,” అన్నాడు సెమిసి. “నాది నోటుబుక్కులో ఉంది.”

అతన్ని డాక్టరేట్‌లోనే ఉంచారు. ఆరు నెలల గడువు కలిపారు. పత్రికకు పంపే సవరణలో మొదటి పేరు అతనిదే ఉండాలని మోయిరా స్వయంగా రాసింది. మూడు వారాల తర్వాత ఫలితం తెలిసింది, గ్రాంటు రాలేదు. సవరణ వల్ల రాలేదో, మామూలుగానే రాలేదో ఎవరూ చెప్పలేదు. నెరిడా ఒప్పందాన్ని మార్చి నెల దాకా పొడిగించారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అన్నారు.

సమీక్ష అయిన మర్నాడు, శుక్రవారం పొద్దున, ఆమె ప్రోగ్రామ్ దిద్ది మళ్లీ నడిపింది. ఎ పక్కన ఎ, బి పక్కన బి. కింది హద్దు కూడా పెట్టింది. పాత జాబితాలో మొదటి వందలో పదమూడు జతలు పోయాయి. కొత్త జాబితా అచ్చుతీసి సెమిసి బల్ల దగ్గరికి వెళ్లింది. మొదటి వరసలో 17, 251 ఉంది. దూరం మూడు పాయింట్ ఆరు. సెమిసి కాగితం అందుకోలేదు. లేచి, తన కుర్చీని ఈడ్చుకుంటూ ఆమె తెర దగ్గరికి నడిచాడు.

“చూపించు,” అన్నాడు.

ఆమె తెరిచింది. అతను అన్ని వైపుల నుంచీ తిప్పించి చూసి, ఉంది అన్నాడు. తర్వాతిది అడిగాడు. మధ్యాహ్నం లోపల ఆరు చూశారు. నాలుగు నిలిచాయి. ఒకటి పోయింది. ఇంకొకదాని దగ్గర ఇద్దరికీ మాట కలవలేదు. తాకుతోంది అంది నెరిడా. నాకు కనబడడం లేదు అన్నాడు సెమిసి. వారం కిందటైతే ఆమె మాటే చెల్లేది. అతను నోటుబుక్కులో ఆ రెండు అంకెలు రాసుకుని, పక్కన ఏమీ రాయకుండా వదిలి, ఏడోది తెరవమన్నాడు.