ఒక్కసారే అడిగింది

చెల్లెలు ఒక్కసారే అడిగింది. అక్క కడుపుమంటకు మూలం అదే.

"ఎడారి దాటి, కొండలెక్కి, సముద్రం దాకా బండి మీద వెళ్దామనుకుంటున్నా. నువ్వూ వస్తావా అక్కా" అంది, హెల్మెట్ చంకలో పెట్టుకుని, సీటు కవర్ల షాపు గుమ్మంలో నిలబడి. కుట్టుమిషను ముందు కూర్చున్న అక్క తల ఎత్తకుండానే, "నేనెక్కడొచ్చేదే, షాపు ఎవరు చూస్తారు" అంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పాలా? వాళ్ళింట్లో ఎవరైనా సరే మొదటిసారి వద్దంటారు. అది మర్యాద. రెండోసారి నసుగుతారు. మూడోసారి అడిగితే లేచి చెప్పులేసుకుంటారు. వాళ్ళ నాన్న తన పెళ్ళికి కూడా మూడోసారికే ఒప్పుకున్నాడని అమ్మ చెప్పేది. చెల్లెలు మాత్రం "సరేలే" అనేసి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి, తోడుగా ఈత టీచరు వస్తోందని చెప్పింది.

ఈత టీచరంటే పక్క వీధి ఈతకొలనులో పిల్లలకు కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పే ఆవిడ. చెల్లెలు పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి స్నేహం కలిపింది. నిన్నగాక మొన్న వచ్చి ఏకు మేకై కూర్చుంది. అసలు చెల్లెలికి బండి నేర్పిందెవరు? నాన్న పాత బండి వెనక పట్టుకుని వీధి పొడుగునా పరిగెత్తి, పడి, మోకాళ్ళు గీరుకుపోయిందెవరికి? ఇప్పుడు పక్కన దర్జాగా బండి నడుపుకుంటూ పోయేది మాత్రం ఆ పొట్టి మనిషి. తనూ సరిగ్గా అంతే పొట్టి అన్న సంగతి అక్కకు ఆ కోపంలో గుర్తు రాలేదు.

సీటు కుట్టే పని మాత్రం అక్కకే పడింది. అంత దూరం కంపెనీ సీటు మీద కూర్చుంటే నడుము విరుగుతుంది. అక్క టేపు పట్టి కొలిచే రకం కాదు. మనిషిని స్పాంజి మీద కాసేపు కూర్చోబెట్టి, నొక్కుకుపోయిన చోట చాక్‌పీసుతో గీత గీసి, అక్కడ కోసి, మళ్ళీ కూర్చోబెట్టి, మళ్ళీ కోస్తుంది. చెల్లెలు ఒక్కసారి కూర్చుని, సామాన్లు కొనాలంటూ టీచరు వెంట పోయింది. మిగతా కూర్చోవడాలన్నీ అక్కే కూర్చుంది. మధ్యాహ్నం భోజనం వేళ షట్టరు సగం దించి, చెల్లెలు వదిలి వెళ్ళిన బండెక్కి, హ్యాండిలు పట్టుకుని కళ్ళు మూసుకునేది. కాస్త ముందుకు జరగాలనిపించిన చోట స్పాంజి తీసేసింది. పాదాలు నేలకు ఇంకాస్త ఆనాలనిపిస్తే పక్కలు చెక్కింది. ఇన్నేళ్ళలో ఎవరికీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. నల్ల రెక్సిన్ తొడిగి అంచు కుట్టాక, దాని మీద నుంచి లేవడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

వాళ్ళు వెళ్ళారు. ఫొటోలు రావడం మొదలైంది. అక్క మొగుడికి పార్సిల్ ఆఫీసులో గుమస్తా పని, ఫోనులో ఫొటోలు చూడటం అంతకన్నా పెద్ద పని.

"చూడవే, ఇసుక ఎంత దూరం ఉందో" అన్నాడు.

"మన వీధి చివర ఇల్లు కడుతున్నారుగా, అక్కడ లేదా ఇసుక" అంది అక్క.

ఆయన అటు తిరిగాక మాత్రం ఫోను లాక్కుని చూసింది. టీచరు చెల్లెలి భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది. అక్క ఆ చేతిని వేళ్ళతో పెద్దది చేసి, తీరిగ్గా అసహ్యించుకుంది. టీచరు బండి రెండు టైర్లూ పంక్చరు కావాలని కోరుకుంది. అప్పుడు చెల్లెలు కూడా ఎండలో ఆగాల్సొస్తుందని తోచి, ఒక టైరుకు తగ్గించుకుంది.

కొండల్లోకి చేరాక చెల్లెలు ఫోను చేసింది.

"ఏమీ అనుకోకు అక్కా. ఈ సీటు నాకు కుదర్లేదు. మోకాళ్ళు ట్యాంకుకి కొట్టుకుంటున్నాయి, నడుం కింద పొడుస్తోంది."

"నా సీటుకి వంక లేదు. నువ్వు వంకరగా కూర్చుని ఉంటావు."

"ఏమో మరి. రెండూ ఒకే రకం బళ్ళు కదా, టీచరూ నేనూ సీట్లు మార్చుకున్నాం. తనకైతే కొలిచి చేసినట్టుంది. ఇదిగో మాట్లాడుతుందట."

"అక్కా, మీ చేతిలో ఏముందో గానీ, కూర్చుంటే దిగబుద్ధి కావట్లేదండీ" అంది టీచరు.

అక్క పొడిగా "మంచిది" అని ఫోను పెట్టేసింది. సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చెల్లెలు తాటిచెట్టంత మనిషి. ఆ సీటు ఆమె కొలత కాదు. అక్కది. చెల్లెలికని మొదలుపెట్టి, తన కాళ్ళకు, తన నడుముకు కోసుకుంది. ఇంతవరకూ ఒక్క సీటూ తిరిగి రాని షాపులో ఇలాంటి పని జరిగినందుకు ఆమె సిగ్గుపడింది. కానీ ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. సొమ్మొకరిది, సోకొకరిది. తనకు కోసుకున్న సీటెక్కి ఆ మనిషి సముద్రానికి పోతోంది. ఆ వారమంతా అక్క కుట్లు వంకర పోయాయి. ముద్ద నోట్లోకి పోలేదు.

మళ్ళీ ఫోను వచ్చేసరికి చెల్లెలి వెనక అలల చప్పుడు వినిపిస్తోంది.

"సముద్రం దగ్గరికి వచ్చేశాం. నువ్వు తిండి మానేశావని బావ చెప్పాడు. ఏమైంది అక్కా?"

"ఆ సీటు మీంచి ఆవిణ్ణి లేవమను."

"ఏంటీ?"

"అది నాది. తెలియకుండా నాకు కోసుకున్నాను."

"రావాలనుంటే ఆ రోజే చెప్పొచ్చు కదా. అడగందే అమ్మయినా పెట్టదంటారు" అంది చెల్లెలు.

"అడగాల్సింది నువ్వు. ఒక్కసారి అడిగి ఊరుకున్నావు. నేను వద్దంటే నమ్మేశావు. నువ్వేమన్నా పరాయి ఇంట్లో పుట్టావా?"

చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "తప్పే. టీచరు సెలవు అయిపోవచ్చింది, ఇక్కణ్ణుంచి రైల్లో వెళ్ళిపోతుంది. తన బండి నీకు వదిలేస్తానంటోంది. తీరం వెంట ఇంకా చాలా దారుంది. వచ్చెయ్ అక్కా. వస్తావా?"

వస్తానన్న మాట అక్క నాలిక చివరి దాకా వచ్చింది. కానీ పుట్టినప్పటి నుంచీ అలవాటైన నోరు ఆమె కోసం ఆగలేదు.

"ఈ వయసులో నాకెందుకే అవన్నీ."

అవతల చెల్లెలు నిట్టూర్చింది. "సరేలే అక్కా, అయితే ఉంటా..."

"పెట్టెయ్యకు" అంది అక్క. "ఇంకోసారి అడుగు."