గిల్సు కూర్చున్న చోట

పిల్లలూ, మీరు గోడ హీటర్ల దేశంలో పెరిగారు. మా ఇంచాన్ ఊళ్ళో వెచ్చదనం నేలలోంచి వస్తుంది. బాయిలర్‌లో కాగిన నీళ్ళు నేల కింద గొట్టాల్లో తిరుగుతుంటాయి. తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ ఆ నేలమీదే. ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు.

కొండవీధిలో ప్యో గిల్సు అనే ఆయనకు అద్దెగదులుండేవి. ఏది చెడినా తనే బాగుచేసేవాడు. కుట్టుపని చేసుకునే హేరాన్ గదిలో బాయిలర్ పొగగొట్టం ఊడితే, గ్యాసు మనిషిని పిలవకుండా వెండిరంగు టేపు చుట్టేశాడు. వేడికి టేపు జారింది. వాసన లేని విషగాలి గదంతా నిండింది. హేరాన్ నిద్రలోనే పోయింది.

"గొట్టం ఆ పిల్లే పీకి, తనే టేపు వేసుకుంది," అన్నాడు గిల్సు. అధికారులు నమ్మారు.

అప్పటినుంచి ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ నేల చల్లబడేది. హోటల్లో జనం కాస్త ఎడంగా జరిగి తినేవాళ్ళు.

"ప్యో గారూ, మా కిమ్చీ పచ్చడి జాడీ పక్కన కాసేపు కూర్చోండి, మరీ పులిసిపోతోంది," అనేది హోటలామె.

ఒక్క హేరాన్ గదిలోనే ఆయనకు నేల వెచ్చగా తగిలేది. కూతురు పోయాక తల్లి బున్‌రే ఆ గదిలో దిగింది. గిల్సు అదే గొట్టానికి మళ్ళీ టేపు చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. విషగాలి బయటికి పోయేలా కిటికీ తెరుచుకుని, ఆయన కోసం కాచుక్కూర్చుంది.

మంచు పడిన ఒక ఉదయం ఆయన వణుకుతూ వచ్చాడు.

"రండి, వెచ్చని మూలన కూర్చోండి," అంది బున్‌రే. పెద్దవాళ్ళకు ఆ మూల ఇవ్వడం మర్యాద, కాదనడం కుదరదు. ఆయన కూర్చున్నాక బాయిలర్ పెంచి, కిటికీ మూసి, ఎదురుగా కూర్చుంది.

"హేరాన్ వాళ్ళమ్మా, కిటికీ కొంచెం తెరువు."

"ఎందుకండీ, చలి. టేపు మీ చేతిదేగా."

"దాన్ని ఏం నమ్ముతాం?"

"అయితే ఈసారి ఎవరు వేశారని చెబుతారు? నేనా?"

"నువ్వూ పోతావే."

"నేను వచ్చిందే అందుకు. బార్లీ టీ తాగండి, చల్లారుతుంది."

ఆయనకు తల దిమ్మెక్కింది. పాకుతూ వెళ్ళి కిటికీ తోసి, వీధిలో మంచు ఊడుస్తున్న వాళ్ళకు వినబడేలా అరిచాడు: "ఆ టేపు నేనే వేశాను. ఆ పిల్ల ముట్టుకోలేదు."

"ఇంకోసారి," అంది బున్‌రే.

మళ్ళీ చెప్పాడు.

బాయిలర్ దానంతటదే ఆరిపోయింది. గిల్సు మోకాళ్ళ కింద ఆ నేల కూడా మంచుగడ్డ అయింది. బున్‌రే కూర్చున్న చోటు మాత్రం, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పక్కలా, వెచ్చగానే ఉంది.

గిల్సును జైల్లో పెట్టారు. అక్కడా నేల వెచ్చగానే ఉంటుంది, ఆయన ఉన్న చోట తప్ప. తోటి ఖైదీలు ఆయన పరుపును తలుపు దగ్గరికి జరిపారు.

మీరూ ఇప్పుడు అద్దెగదుల్లో ఉంటున్నారు. పక్కగది వాళ్ళకు ఈ కథ చెప్పండి. హేరాన్ పేరు చెప్పండి. ఆయన పేరు మాత్రం అస్సలు మరవకండి: ప్యో గిల్సు, ఇంచాన్, కొండవీధి.