సెవ్జిద్ అవ్వ ముందుపళ్లు

కుడి బొటనవేలి కీలు మొరాయించడంతో ఓక్ పిల్హో ఆకురాయిని ఎడమచేతికి మార్చుకొని, గులాబిరంగు పళ్లకట్టు అంచును మళ్లీ రాయసాగాడు. నాలుగుసార్లు రాయడం, వేలికొనతో తడిమి చూడటం, మళ్లీ రాయడం. పొయ్యిలో ఎండుపేడ మండుతున్నా, ఆసుపత్రి గది కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకొంది. మధ్యాహ్నం మూడు గంటలకు జీపు వస్తుంది. ఆలోగా ఈ కట్టు పూర్తికావాలి. సెవ్జిద్ అవ్వ దీనితో మాంసం తినాలి. తినడం అతడు కళ్లారా చూడాలి. ఆ తరువాత మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్, విమానం, కొరియాలో దేగు నగరంలోని తన ఇల్లు. అతడి స్థానంలో మరొకరిని పంపే స్తోమత తమకు లేదని, అతడిని ఇక్కడికి పంపిన సేవాసంఘంవారు వసంతంలోనే తెలియజేశారు.

దేగులో అతడికి మూడంతస్తుల పళ్ల తయారీశాల ఉండేది. ఎనిమిదిమంది పనివాళ్లు, చలికాలంలో అరికాళ్లకు వెచ్చగా తగిలే నేల, ఆదివారాలు కొండదారిన భార్యతో నడక. ముప్ఫై ఏళ్లపాటు వైద్యుల దగ్గరనుంచి మోటారుసైకిళ్లమీద నోటి అచ్చులు వచ్చాయి, పళ్లు వెళ్లాయి. ఒక్క మనిషీ రాలేదు. తాను చేసిన పళ్లతో ఒక్కరైనా తినగా తాను చూడలేదన్న సంగతి యాభై నాలుగో ఏట, భోజనం మధ్యలో, అతడికి తట్టింది.

"చూడాలని ఉంటే నూడుల్స్ హోటల్లో కూర్చోండి. దానికి మంగోలియా దాకా ఎందుకండీ?" అన్నది భార్య మిసుక్. ఆమె పరిహాసానికి అనలేదు. అయినా అతడు బయలుదేరి వచ్చాడు. ఏడేళ్లు గడిచాయి.

నర్సు ఉయంగా ఉప్పువేసిన పాలటీ తెచ్చి బల్లమీద పెట్టింది. నాలుగేళ్లుగా అతడి దగ్గర ఈ పని నేర్చుకుంటున్నది ఆమె ఒక్కతే.

"మాస్టారూ, ఆ పళ్లు అవ్వకా, అవ్వ గుర్రానికా? పొద్దుట్నుంచీ రుద్దుతూనే ఉన్నారు."

"గుచ్చుకోకూడదమ్మా."

"గుచ్చుకున్నా ఆవిడ చెప్పదులెండి. మన గొడవంతా అదే కదా."

కిందటి నెలలో ఒకరోజు, ముందుగా కబురు చేయకుండా, అతడు సెవ్జిద్ అవ్వ గుడారానికి వెళ్లాడు. ఆమె పక్కటెముకను చేతబట్టి, వట్టి చిగుళ్లతో మాంసాన్ని పీకడానికి తంటాలు పడుతున్నది. అతడిచ్చిన పళ్లు నీలి పట్టుగుడ్డలో చుట్టి, దేవుడి పటాల ముందు పెట్టెమీద ఉన్నాయి. చుట్టుపక్కల గుడారాలన్నింటిలోనూ అదే వరుస. దూరదేశంనుంచి వచ్చినవాడు చేతులతో చేసి ఇచ్చిన వస్తువును బాగులేదని అనడం మర్యాద కాదు. అతడు వస్తున్నాడంటే పళ్లు పెట్టుకొనేవారు, అతడి ఎదుట మెత్తని వంటలే వడ్డించేవారు, అతడు గుర్రమెక్కగానే తీసి దాచేవారు.

తప్పు అతడిదే. కొరియాలో మాంసాన్ని కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి పళ్లెంలో వేస్తారు. నమిలేవి దవడపళ్లు, ముందుపళ్లు చిరునవ్వుకోసం. అందుకే వాటిని ఎప్పుడూ కాస్త ముందుకు, అందంగా అమర్చడం అతడి చేతికి అలవాటు. ఇక్కడివారు ఎముకమీది మాంసాన్ని ముందుపళ్లతో పట్టి, పెదవుల దగ్గర కత్తితో కోసుకుంటారు. పట్టి లాగగానే అతడి కట్టు వెనకవైపు లేచి ఊడిపోయేది. ఏడేళ్లు అతడు వారికి చిరునవ్వులు పంచిపెట్టాడు. మిగిలిన ఒక్క నెలలో, ఈ బొటనవేలితో, ముందుపళ్లను వెనక్కి జరిపి ఒకే ఒక్క కట్టు కొత్తగా చేయగలిగాడు. మిగతావి ఉయంగా వంతు.

రెండు గంటలకు సెవ్జిద్ అవ్వ గుర్రం దిగి లోపలికి వచ్చింది. ఉయంగా ఉడికించిన గొర్రె పక్కటెముకను, కత్తిని ఆమె ముందుంచింది.

"అవ్వా, నా మొహం చూసి బాగుందనొద్దు," అన్నాడతడు.

"నీ మొహంలో చూడ్డానికేముంది నాయనా, ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నా," అంటూ ఆమె మాంసాన్ని పట్టి లాగింది. పైకట్టు ఎడమపక్క కదిలింది. ఆమె చప్పున నోరు మూసుకొని, "బాగుంది," అన్నది.

అతడు చేయి చాచాడు. ఆమె ఆ చేతివంక చూసి, కట్టు తీసి ఇచ్చింది. "లేస్తోంది. ఇదిగో, ఇక్కడ."

పళ్లు ఎక్కడ ఎక్కువగా తగులుతున్నాయో చూపే రంగుకాగితం కొరికించి, అచ్చుపడిన రెండుచోట్ల అతడు అరగదీశాడు. వేలు మండింది. బయట జీపు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపలేదు.

ఈసారి ఆమె పట్టింది, లాగింది, పెదవుల దగ్గర కత్తి ఆడింది. నమిలింది. మళ్లీ పట్టింది. కొంతసేపటికి ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారన్న స్పృహే ఆమెకు లేకపోయింది. గడ్డంమీద కొవ్వు కారుతున్నా తుడుచుకోలేదు. పిల్హో ముక్కాలిపీటమీద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. సంతోషం కలుగుతుందని ఇన్నేళ్లూ అనుకొన్నాడు. కలిగింది అలసట మాత్రమే. అయితే కూర్చోవడానికి అనుమతి దొరికిన అలసట.

"ఎవరే ఉడికించింది? ఉప్పులేదు, ఉడుకూ చాల్లేదు," అన్నది అవ్వ.

"నేనే," అన్నది ఉయంగా. "ఇన్నేళ్లకి మాస్టారి ముందు నోరు విప్పి, వంక నా వంటకే పెట్టావా?"

"పళ్లకి వంక లేదు మరి. దేనికి పెట్టను?"

ఆమె లేచి చేతులకంటిన కొవ్వును బూట్లకు రాసుకొన్నది. "మళ్లీ వస్తావా నాయనా?"

"రానవ్వా."

"ఊఁ. దారిలో చలి. చెవులు కప్పుకో."

ఆమె గుర్రం వెళ్లిన కాసేపటికి పిల్హో కోటు గుండీలు ఎడమచేత్తో పెట్టుకొని, పెట్టె పట్టుకొని, జీపెక్కాడు. ప్రయాణం క్షేమంగా సాగాలని ఉయంగా చక్రాల వెనక గరిటెడు పాలు చల్లి, అవి మంచులో కలిసిపోయేదాకా నిలబడి, లోపలికి వచ్చింది. పనిబల్లమీద ఆ పక్కటెముక ఉంది: కుక్క కూడా తిరిగి చూడనంత తెల్లగా, ఒక్క పీచైనా మిగలకుండా, అంచు పొడవునా ముందుపళ్ల సన్నని గీతలతో.