ఎదురు తోక

బీదరులో చౌబారా బురుజు దగ్గర ఎలీసబెతు ఫోటో స్టూడియోకి పొద్దున తొమ్మిదికల్లా జనం వచ్చేవారు. గడ్డం కొంచెం పైకి అనేది, ఫ్లాష్ కొట్టేది, సాయంత్రం రమ్మనేది. టైమెంతయిందో తెలియాలంటే వాళ్లు గోడ మీది తోకచుక్క ఫోటో చూసేవారు. ఆకాశంలో తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి దిక్కుకే తిరిగి ఉంటుంది గదా, ఫోటోలోనూ అంతే. పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకి జరిగేది. గడియారం ఖర్చు తప్పిందనుకున్నారే గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఫోటో తొంభై ఏడు ఏప్రిల్‌లోది. చుక్క నెల రోజులు పడమట కనబడింది. పొద్దుగూకగానే ఎలీసబెతు స్టాండు మోసుకుని మిద్దె ఎక్కేది. షట్టరు తెరిచి, ఇరవై లెక్కపెట్టి మూసేది. రీలులోని ముప్ఫై ఆరు ఫోటోల్లో ముప్ఫై అయిదు చెడిపోయాయి, ఒక్కటి కుదిరింది. ఇరవై ఏళ్లుగా ఊరందరి మొహాలూ తీసిన మనిషికి, తన పేరు రాసుకోదగ్గ ఫోటో అదొక్కటే.

దాని నెగటివ్‌ని నోయల్ ఎత్తుకుపోయాడు. పిన్ని కొడుకు, ఆరేళ్లు ఆమె దగ్గరే పని నేర్చి తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. ఆమె సంతపూర్‌లో చావుకి పోయిన రోజు చూసి హైదరాబాదు బస్సెక్కాడు. అక్కడ రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం. ఒక కంపెనీ పెట్టిన పోటీలో ఆ ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. కింద బంగారు అక్షరాల్లో నోయల్ పేరు, పైగా ఆ కంపెనీలోనే ఫోటోగ్రాఫరు ఉద్యోగం. పేపర్లో చూసి ఎలీసబెతుకి కడుపు మండిపోయింది. చర్చిలో ప్రార్థన క్షమించడం దాకా వచ్చేసరికి నోరు మూసుకునేది.

అయితే దొంగ హడావిడిలో నోయల్ నెగటివ్‌ని తిరగేసి పెట్టి ప్రింటు తీశాడు. దాంతో తోక వెలుగుకి దూరం జరగడం మానేసి, వెలుగు మీదికి రావడం మొదలెట్టింది. కంపెనీ హాల్లో ఫ్లాష్ వెలిగినప్పుడల్లా అక్కడ గోడకి తగిలించిన ఫ్రేములోంచి సాగి వచ్చి ఎదుటివాళ్ల మీంచి పోయేది. కడిగిన ఫోటోల్లో అందరి మొహాల మీదా తెల్లగీతలే.

మూడు నెలలు చూసి, బీదరులో అక్కకి తెలుస్తుందని నోయల్ అంటే, కంపెనీ మేనేజరు నోయల్‌నీ, ఫ్రేమునీ, నెగటివ్‌నీ కారులో వేసుకుని బీదరు వచ్చాడు. హైదరాబాదులో తోక ఝాడించినవాడు ఇక్కడ తోక ముడిచాడు.

"దీన్ని ఎట్ల సర్దాలె అక్కా?" అన్నాడు నేల చూస్తూ.

నెగటివ్‌ని వెలుతురుకి పట్టి చూడగానే ఎలీసబెతుకి సంగతి తెలిసింది. రెండు నిమిషాల పని. ఆ మాట చెప్పకుండా ఫ్రేముని కెమెరా పక్కన గోడకి తగిలించింది.

"తీసినోడు రెప్ప కొట్టకుండ చూస్తె తోక తిరుగుతది. తీయనోడు చూడొద్దు, మంచిది కాదు. ఒక్కసారే అడుగుత నోయలూ. ఇది ఎవలు తీసిండ్రు?"

నోయల్ మేనేజరు వైపు చూశాడు.

"నేనే తీసిన."

"అట్లయితే కూసో."

ఫ్లాష్ వెలిగింది. తోక వచ్చి ఈసారి దాటిపోలేదు. అతని మొహం మీద ఆగి, పలక తుడిచినట్టు నింపాదిగా తుడిచి వెళ్లింది. కడిగిన ఫోటోలో చొక్కా ఉంది, టై ఉంది, చెవులున్నాయి, మధ్యలో ఏమీ లేదు. అద్దంలో మొహం బాగానే ఉంది, ఫోటోలోనే పడదు. మేనేజరు తన కెమెరాతో తీయించినా అంతే. మొహం లేని గుర్తింపు కార్డుతో కంపెనీ గేటు దాటనివ్వరు, ఇక రావద్దని తేల్చేశాడు.

ఎలీసబెతు నెగటివ్‌ని సరిగ్గా తిప్పి కొత్త ప్రింటు తీసి, కింద తన పేరు రాసి మేనేజరు చేతికిచ్చింది. జాలి వస్తుందేమోనని కాసేపు నోయల్‌ని చూసింది. రాలేదు.

కారు వెళ్లిపోయాక కూడా అతను స్టూలు మీదే ఉన్నాడు.

"అక్కా, నా మొఖం?"

"నెగటివ్ ఉంటె తీసుకరా," అంది ఎలీసబెతు, "కడిగి ఇస్త."