తొందరపడ్డ సాక్ష్యం

మా ఆడపడుచు ఎస్తర్ రాణి గొంతు విప్పితే నర్సీపట్నం బస్టాండులో మైకు అక్కర్లేదు. వదినను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఇంకొకరు అంటే మాత్రం ఊరుకోను. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పేది అదే, మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద అదే, నా టైలరింగ్ షాపుకొచ్చి నేను కుట్టిన జాకెట్లకు వంకలు పెట్టేదీ అదే. నేను పెళ్లై వచ్చేసరికి అది లంగా ఓణీల పిల్ల. నాకు చేతకాని చేపల పులుసు తను వండి, వదినే వండిందని మా అత్తగారితో చెప్పేది. అలాంటి మనిషి ఏం చేసినా నాకు ముద్దే. కానీ రెండువేల ఏడులో అది నన్ను పెట్టిన తిప్పలు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు జనవరి చలిలో విశాఖపట్నం నుంచి డాక్టర్లు వచ్చి, మా చర్చి హాల్లో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు చేశారు. జనాన్ని పోగుచేసింది రాణే. "సిగ్గుపడి ఇంట్లో కూకుంటే జబ్బు సిగ్గుపడద్దేటే? నడండి నడండి!" అంటూ ఇంటింటికీ తిరిగి అందరినీ తోలుకొచ్చింది. తన సంగతి మాత్రం నాకొక్కదానికే చెప్పింది. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ మరకలు కనిపిస్తున్నాయట. అంత గొంతున్న మనిషి ఆ మాట చెప్పేటప్పుడు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

వచ్చినవాళ్లలో వెంకటదుర్గ అనే చిన్న డాక్టరమ్మ ఉంది. కోటవురట్ల పిల్ల. చిన్న బ్రష్‌తో తీసిన కణాల్లో కొన్ని మామూలు పరీక్షకు పంపి, కొన్ని తన పరిశోధనకు ఉంచుకుంటానని ఒక్కొక్కరినీ అడిగి, సరేనన్నవాళ్లవే తీసుకుంది. ఆ రెండో పరీక్ష తేలడానికి నెలలు పడుతుందని కూడా చెప్పింది. రాణి తల ఊపింది.

మామూలు పరీక్షలో ఏమీ కనిపించలేదన్నారు. మరకలు ఆగకపోతే మళ్లీ రమ్మని కూడా అన్నారు. మా రాణి మొదటి ముక్క విని రెండోది అక్కడే వదిలేసి వచ్చింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేశాడనుకుంటే ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. రాణి ఆ ఆదివారమే లేచింది. "నా కడుపులో జబ్బుని ప్రభువు తుడిసేసేడు. మందు మింగలేదు, కత్తి తగల్లేదు. వందనాలు!" అంది. హల్లెలూయా అంటూ హాలంతా దద్దరిల్లింది. జబ్బు కనిపించకపోవడం వేరు, ఉన్న జబ్బు పోవడం వేరు కదా అని నాకు మనసులో పీకుతూనే ఉంది. కానీ దాని ముఖం ఆ రోజు ఎంత వెలిగిపోయిందంటే, నోరు తెరవడానికి ఎవరికీ మనసొప్పదు.

వేసవిలో ఒకరోజు రాణి వాళ్ల వసారాలో ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. వెంకటదుర్గ వెతుక్కుంటూ వచ్చింది. విడిగా మాట్లాడాలంది. "మా వదినుంటే పర్లేదు, సెప్పండి" అంది రాణి.

ఆ అమ్మాయి మాకు అర్థమయ్యేటట్టే చెప్పింది. "మన కణాల్లో కొన్ని జన్యువులు క్యాన్సర్ రాకుండా కాపలా కాస్తుంటాయండీ. ఒక్కోసారి వాటిమీద ఒకరకం రసాయన గుర్తులు పడతాయి. జన్యువు చెడిపోదు, అక్కడే ఉంటుంది. కానీ కాపలా మానేస్తుంది. మీ కణాల్లో ఆ గుర్తులు బాగా ఎక్కువగా కనిపించాయి."

"అంటే అదేనా?" అన్నాన్నేను.

"అని చెప్పలేనండీ. ఇదింకా పరిశోధనే. దీన్నిబట్టి జబ్బుందని అనకూడదు, లేదులే అని ఊరుకోనూ కూడదు. మామూలు పరీక్షకు ఒక్కోసారి దొరకదు. విశాఖ వస్తే భూతద్దంలాంటి దానితో చూసి, అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అప్పుడు తేలిపోతుంది. మరకలు ఆగాయా అమ్మా?"

"ఆగిపోయేయి" అంది రాణి, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

ఆగలేదు. దొడ్లో ఆరేసిన గుడ్డలు అంతకుముందే నా కంటపడ్డాయి. ఆ అమ్మాయి గేటు దాటిందో లేదో నేను పళ్లెం లాగేశాను.

"ఏటే నీ బాద? ఎందుకలా అబద్దమాడేవు?"

"సంఘం ముందు నిలబడి సెప్పేను వదినా. ఇప్పుడు ఆసుపత్రికెల్తే ఏటనుకుంటారు? దేవుడు సగం బాగుసేసి ఒగ్గేసేడనుకోరా? నా మూలంగా ఆయన మాట పోవాలా?"

"ఆయన మాటకి నువ్వు కాపలావేటే? ఆ ఉద్యోగం నీకెప్పుడిచ్చేరు?"

"నువ్వలాగే ఎటకారాలాడు."

"ఆడతాను. నువ్వు సచ్చిపోతే ఎవరితో ఆడాల?"

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మొండిది, కదల్లేదు. వాళ్లాయన యేసురాజును నిలదీస్తే, "ఆవిడ బయల్దేరితే నేను రెడీ అండి అక్కా" అన్నాడు. ఆవిడ బయల్దేరితే ఇక నీతో పనేముందయ్యా అని తిట్టి వచ్చేశాను. ఆ తరవాత దానితో మాటలు మానేశాను. వండిన కూర మాత్రం మా వాళ్ల చేత పంపుతూనే ఉన్నాను. గిన్నె కడిగి తిరిగి పంపేటప్పుడు అది ఏదో ఒకటి వేసి పంపేది, మామిడికాయో, నాలుగు జీడిపప్పులో. అది చూసి ఒంటరిగా కూర్చుని ఏడ్చేదాన్ని. దాన్ని బలవంతంగా ఎత్తుకుపోవడం ఒక్కటే మిగిలింది అనుకున్నాను.

శుక్రవారం స్త్రీల ప్రార్థన రాణి ఇంట్లోనే. మాటల్లేకపోయినా ప్రార్థన మానకూడదు కదా అని వెళ్లి ఓ మూల కూర్చున్నాను. అప్పుడొచ్చింది బుల్లమ్మ. గొలుగొండ మనిషి, జీడితోటల్లో కూలికి పోతుంది. చర్చికి వచ్చే కుటుంబం కాదు. నేరుగా వచ్చి రాణి కాళ్ల దగ్గర కూలబడింది.

"అమ్మా, నీ సాచ్చెం సంగతి మా ఊరంతా సెప్పుకుంటున్నారు. నాకూ ఎర్రబట్ట అవతాంది. డాకటేరమ్మ బేగి విశాక రమ్మంది. నానెల్లను. నీకు మందు నేకండానే పోయింది కదేటి? నాకూ అలాగే పార్దన సేసెయ్. ఇద్దరాడపిల్లలమ్మా నాకు, ఇంకా సిన్నోలు."

రాణి బుల్లమ్మ తలమీద చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుంది. "ప్రభువా" అంది. ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారిపోయేదాకా ఆపని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. అందరూ ఒక కన్ను తెరిచి చూస్తున్నారు.

రాణి చెయ్యి తీసేసింది.

"బుల్లమ్మా, నాకు నయమవ్వలేదు" అంది.

"అదేటమ్మా?"

"నాకింకా మరక కనపడతానే ఉంది. డాక్టరమ్మ ఇంటికొచ్చి మరీ రమ్మంటే నాను ఎల్లలేదు. నన్ను సూసి నువ్వు మానేస్తే ఆ పిల్లల పాపం నాకొద్దు. పొద్దున్న బస్సుకి నాతో రా, ఇద్దరం సూపించుకుందాం." అని అందరివైపూ తిరిగి, "అలా సూస్తారేటి? మీరూ ఇన్నారు కదా. ఇప్పుడు పార్దన సెయ్యండి, మా ఇద్దరికీ" అంది.

నేనే మొదలుపెట్టాను. నా ప్రార్థన ఎంత అడ్డదిడ్డంగా సాగిందో దేవుడికే తెలియాలి.

మర్నాడు బస్సులో రాణి నాకూ బుల్లమ్మకూ మధ్య కూర్చుంది. అనకాపల్లి దాటాక నా చెవి దగ్గరకు వంగి అడిగింది.

"వదినా, దేవుడికి నామీద కోపమొచ్చుంటదంటావా?"

"కోపమొచ్చెయ్యడానికి ఆయనేటి, మీ అన్నయ్యా?" అన్నాను.

అది ఫక్కున నవ్వింది. ఎందుకో తెలియకపోయినా బుల్లమ్మ కూడా నవ్వింది.

బుల్లమ్మది పుండు, మందులతో మానేదే. కాగితం చేతిలో పెట్టుకుని అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చేసింది. రాణికి ముక్క తీసి పరీక్షకు పంపారు. మళ్లీ పిలిచి వెంకటదుర్గే దగ్గర కూర్చుని చెప్పింది. క్యాన్సర్ అవబోతున్న కణాలట. ఇంకా లోపలికి పాకలేదట. ఆ మేరకు కోసి తీసేస్తే సరిపోతుందట. వదిలేస్తే కొన్నేళ్లకు ఎవరి చేతుల్లోనూ ఉండేది కాదట. యేసురాజు సంతకం పెట్టాడు. తీసేసి, ఆ ముక్క పరీక్ష తేలేదాకా ఆసుపత్రిలోనే ఉంచారు. తీసిన ముక్క అంచుల్లో ఏమీ లేదని, మొత్తం వచ్చేసిందని, ఇక వాళ్లు చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే చాలని ఆ పిల్ల చెప్పినప్పుడు దాని బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. డాక్టరని కూడా చూడలేదు.

అందరూ బయటికెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను. నా మనసు గాల్లో తేలుతోంది.

"ఇంకేటే, ఆదివారం ఎల్లి సెప్పుకో నీ సాక్ష్యం. ఈసారి నాను కూడా లేసి నిలబడతాను" అన్నాను.

రాణి నవ్వలేదు. దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంది.

"వదినా, ఆ రోజు సాక్ష్యం సెప్పింది నమ్మకంతో కాదు."

"మరి?"

"భయంతో. నాకు బతకాలనుంది వదినా. ఎంతుందో సెప్పలేను. అందరి ముందూ గట్టిగా సెప్పేస్తే అదే నిజమైపోద్దనుకున్నాను."

ఇన్ని నెలలు ఇది ఒక్కతే, ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని, నా గిన్నెల్లో మామిడికాయలు వేసి పంపింది.

"నాకెందుకు సెప్పలేదే, పిచ్చిదానా?"

"సెప్తే నువ్వేడుస్తావని."

కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది నా చెయ్యి పట్టి కొంగు లాగేసి, తల తన భుజం మీద పెట్టుకుంది.

"ఏడు వదినా" అంది. "ఇప్పుడు పర్లేదు, ఏడు."