మొదట నవ్వే మనిషి

ఉల్లిపాయలు తరుగుతుంటే ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమైందని అడిగినవాళ్ళకి ఏం చెప్పేది? అడిగేవాళ్ళెవరూ లేరనుకోండి, అది వేరే సంగతి. హాల్లోంచి భర్త కేకేశాడు.

"అయిందా? వాళ్ళు వచ్చేస్తున్నారు. కాస్త మొహం కడుక్కో, మా ఆఫీసరు ముందు ఏడుపుమొహంతో నిలబడకు."

కడుక్కుంటే పోయేదైతే ఎప్పుడో పోయేది. పొద్దున కాలేజీలో జరిగినది మొహానికి అంటుకోలేదు.

ఆమె నాటకం పాఠం చెబుతుంది. ఏళ్ళ తరబడి అదే పాత హాస్యనాటకం. ఇతివృత్తం ఎక్కడ ముడిపడుతుంది, ఎక్కడ విడిపోతుంది, పాత్రలు ఎలాంటివి, హాస్యం ఎలా పుడుతుంది, నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతుంది. మూడో అంకంలో ఇంటినిండా చుట్టాలు. గయ్యాళిగా పేరుపడ్డ ఇల్లాలు వడ్డిస్తూ వడ్డిస్తూ నిలబడే కునుకు తీసి, చెంబెడు పాలు ఓ పెద్దమనిషి నెత్తిన పోస్తుంది. అక్కడికి రాగానే ఆమె పుస్తకం దించి, క్షణం ఆగి, ముందు తనే నవ్వేది. ఒకరు మొదలుపెడితేగానీ జనం నవ్వరని ఆమెకి తెలుసు. ఇవాళా అలాగే నవ్వింది. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో కళ్ళజోడు పిల్ల మాత్రం నవ్వలేదు, లేచి నిలబడింది.

"ఆవిడ రాత్రంతా పడుకోలేదు కదా మేడమ్? మామగారికి జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చుందని రెండో అంకంలో వంటమనిషి చెబుతుంది. మరి ఇక్కడ నవ్వేదేముంది?"

ఆ మాట అక్కడ ఉందని ఆమెకి తెలియక కాదు. పరీక్షలో అడగరని ఆ పేజీ గబగబా తిప్పేసేది. జవాబు తోచలేదు. తోచనప్పుడు తోచలేదని ఒప్పుకుంటే ఏం పోయింది? అబ్బే, కుర్చీలో కూర్చున్న నోరాయె!

"హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలమ్మా. అన్నిటికీ ఇలా మొహం ముడుచుకుంటే రేపు నీతో కాపరం చేసేవాడి గతేంటి?" అనేసింది.

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయిపోయింది. కూర్చుని పుస్తకంలో తల దూర్చేసింది, గంట కొట్టినా ఎత్తలేదు.

ఆ మాట ఆమె సొంతం కూడా కాదు. ఇన్నేళ్ళుగా భర్త తనని అంటున్న మాటే. ఒక్క 'రేపు' చేరింది, మిగతాది అక్షరం పొల్లుపోకుండా తన నోట్లోంచి ఊడిపడింది. ఎక్కడ దాచుకుందో, ఎందుకు దాచుకుందో! ఛీ, పరాయి పిల్లని అనడానికా? బస్సులో వస్తున్నంతసేపూ ఆమెకి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

ఆఫీసరూ భార్యా రానే వచ్చారు. అత్తగారు వాలుకుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆమె పకోడీల ప్లేట్లు పెట్టి, టీ కప్పులు అందించేసరికి భర్త గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే ఏ కథ రాబోతోందో ఆమెకి తెలిసిపోయింది. ముందు పొగడ్త, తరవాత కాస్త విరామం, ఆపైన చెప్పులు.

"మా ఆవిడ సామాన్యురాలు కాదండోయ్, నాటకాలు కాచి వడబోసిన మనిషి. కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్ళింది. పెద్దలంతా కూర్చున్నారు. చూస్తే... ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మా అమ్మ చెప్పు! రెండూ ఎడమకాలివే!"

చెప్పి ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళూ అక్కడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు తనే నవ్వేది. తను నవ్వాకే చుట్టాలు నవ్వేవారు. ఆవిడే నవ్వుతుంటే మనకేంటని కాబోలు.

ఇవాళ ఆమె నవ్వలేదు. ఆఫీసరు పెదాలు సగం విచ్చుకుని ఆగిపోయాయి.

"రెండూ ఎడమకాలివేనండీ!" అన్నాడు భర్త మళ్ళీ, వినబడలేదేమోనని.

"అంతకుముందు రాత్రి సంగతి వదిలేశారండీ," అంది ఆమె. "అత్తయ్యగారికి ఒకటే వాంతులు. పక్కబట్టలు మారుస్తూ, ఉతుకుతూ తెల్లార్లూ నేనున్నాను. పొద్దున్నే ఆఫీసుందని మీరు పక్కగదిలో తలుపేసుకున్నారు. తెల్లారకముందే బస్సుకి బయల్దేరాను. మీరు అప్పుడే ముందుగదిలోకొచ్చి సోఫాలో పడుకున్నారు. మీ నిద్ర చెడుతుందని లైటు వెయ్యలేదు. చెప్పులు చీకట్లో తడుముకుని వేసుకున్నాను. ఇప్పుడు నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు భార్య కప్పు కింద పెట్టేసింది. "అవును, ఆ రోజు నా ప్రాణం పోయిందనే అనుకున్నా," అని అత్తగారు గొణిగింది, ఎవరితోననీ కాకుండా.

వాళ్ళు టీ కూడా పూర్తిగా తాగకుండానే లేచారు. తలుపు వేసిన మరుక్షణం భర్త వంటింటి గుమ్మంలో ఉన్నాడు.

"పదిమందిలో పరువు తీశావు! ఇన్నేళ్ళూ నువ్వూ నవ్వినదానివేగా, ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?"

ఆ మాట సూటిగా తగిలింది, అది నిజం కాబట్టి. తను నవ్వింది. తన మీద తనే నవ్వి, నవ్వచ్చని ఊరందరికీ సందిచ్చింది. అక్కడితో ఆగిందా? ఏటేటా గదినిండా పిల్లలకి నవ్వడం నేర్పింది. నవ్వని ఒక్క పిల్లనీ నవ్వులపాలు చేసింది. ఆమె తల దించుకుని కప్పులు తోముతూనే ఉంది.

"తప్పేనండీ," అంది చివరికి. "పదిమందిలో తీసిన పరువు పదిమందిలోనే తిరిగివ్వాలి."

భర్త మెత్తబడ్డాడు. "అదీ మాట! రేపు పొద్దున్నే ఆఫీసరుగారింటికి వెళ్దాం. ఏదో నోరుజారానని చెప్పు."

"రేపు పొద్దున నాకు క్లాసుందండీ," అంది ఆమె, ఆఖరి కప్పు బోర్లిస్తూ. "అక్కడ ఒక పిల్లకి క్షమాపణ చెప్పుకోవాలి, నవ్వినవాళ్ళందరి ముందూ."